వెబ్‌స్టర్ హాల్‌లో ఒక రాత్రి: టికెట్ దగ్గర్నుంచి తిరుగు బండి దాకా

జర్సీ సిటీలోనో ఎడిసన్‌లోనో ఉంటూ, వీకెండ్ వచ్చినప్పుడల్లా మాన్‌హాటన్ వెళ్దామనుకుని, టైమ్స్ స్క్వేర్‌లో నాలుగు ఫోటోలు దిగి, ఒక పిజ్జా ముక్క తిని వెనక్కి వచ్చేసే వాళ్ళ కోసం రాస్తున్నాను. న్యూయార్క్‌లో పాత బాల్‌రూమ్‌లు, అంటే డాన్స్ హాళ్ళు, చాలావరకు పోయాయి. రోజ్‌లాండ్ అంతటిదాన్ని కూడా 2014లో మూసేసి, ఆ తర్వాత కూలగొట్టేశారు. ఈస్ట్ విలేజ్‌లో 11వ స్ట్రీట్ మీద, మూడో అవెన్యూకీ నాలుగో అవెన్యూకీ మధ్య వెబ్‌స్టర్ హాల్ మాత్రం 1886 నుంచి అక్కడే ఉంది. ఇప్పటికీ అందులో జనం గెంతుతూనే ఉన్నారు.

అది మొదట ఏంటో తెలిస్తే లోపల ఎలా మసలుకోవాలో సగం తెలిసినట్టే. చార్లెస్ గోల్డ్‌స్టీన్ అనే ఆయన దాన్ని అద్దెకిచ్చుకోవడానికి కట్టించాడు. సూటిగా చెప్పాలంటే మన ఊళ్ళో ఫంక్షన్ హాలే. పెళ్ళికి కావాలా, తీసుకోండి. కార్మిక సంఘం మీటింగా, తీసుకోండి. డాన్స్ పార్టీయా, అదీ సరే. బట్టల కార్మికుల పెద్ద యూనియన్ అమాల్గమేటెడ్ క్లోదింగ్ వర్కర్స్ 1914లో పుట్టింది ఇక్కడే. అదే నేల మీద అదే సంవత్సరాల్లో గ్రీనిచ్ విలేజ్ ఆర్టిస్టులు తెల్లవార్లూ వేషాలు కట్టి డాన్సులు చేశారు. 1953 తర్వాత పాటల రికార్డుల కంపెనీ ఆర్‌సీఏ విక్టర్ వాళ్ళు ఆ గదిలో శబ్దం బాగుంటుందని రికార్డింగ్ స్టూడియోగా వాడుకున్నారు. 1980లో అది ద రిట్జ్ అనే రాక్ క్లబ్బు అయింది. ఐర్లండ్ రాక్ బృందం యూటూ అమెరికాలో మొట్టమొదటి షో చేసింది ఆ డిసెంబర్ 6న, ఈ స్టేజీ మీదే. 1992లో మళ్ళీ పాత పేరుతో నైట్‌క్లబ్ అయింది. 2017లో మూసి, లిఫ్టుతో సహా బాగుచేయించి, 2019 ఏప్రిల్‌లో తెరిచారు. ఇప్పుడు అక్కడ ఎక్కువగా కచేరీలు, కొన్ని రాత్రులు డీజేలు.

అంటే ఇది థియేటర్ కాదు. కూర్చుని చూడ్డానికి కట్టలేదు, డాన్స్ చేయడానికి కట్టారు. కింద నేను చెప్పే సలహాల్లో చాలావాటికి మూలం ఇదే.

ముందు ఏ రకం రాత్రి కావాలో తేల్చుకోండి

వెబ్‌స్టర్ హాల్ క్యాలెండర్ తెరిస్తే రెండు రకాలు కనబడతాయి. ఒకటి బ్యాండ్ కచేరీ. సాయంత్రం ఏడు ప్రాంతంలో తలుపులు తీస్తారు, ఒక గంటకి ముందు వాయించే చిన్న బృందం ఎక్కుతుంది, అసలు వాళ్ళు తొమ్మిదికో ఆ తర్వాతో వస్తారు, పదకొండు ప్రాంతానికి అయిపోతుంది. రెండోది డీజే రాత్రి. దీనికి తలుపులే పదీ పదకొండుకి తీస్తారు, పోస్టర్ మీద పేరు పెద్దగా ఉన్న మనిషి అర్ధరాత్రి దాటితే గానీ రాడు.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నా ఓటు కచేరీకే. రైళ్ళు ఇంకా బాగా తిరుగుతున్న టైమ్‌కి బయటపడతారు, మర్నాడు ఆదివారం మొత్తం మంచం మీద పోదు. క్లబ్ వాతావరణమే కావాలంటే డీజే రాత్రికే వెళ్ళండి, కాకపోతే సాయంత్రం ఒక కునుకు తీసి మరీ బయల్దేరండి. ఆఫీసులో రోజంతా మీటింగుల్లో కూర్చుని నేరుగా వెళ్ళి తెల్లవారుజామున మూడింటికి కళ్ళు తేలేసిన వాళ్ళని చూశాను.

టికెట్ మీద తలుపుల టైమ్ ఒకటి, షో టైమ్ ఒకటి రాసి ఉంటాయి, రెండూ వేరు. ఎవరు ఎన్నింటికి ఎక్కుతారన్నది చాలాసార్లు ఆ రోజే ఆర్టిస్టు ఇన్‌స్టాగ్రామ్‌లో పెడతారు. మధ్యాహ్నం ఒకసారి చూసుకుంటే సరిపోతుంది.

టికెట్

అధికారిక టికెట్లు ఏఎక్స్ఎస్ అనే టికెట్ల సైటు ద్వారా అమ్ముతారు. ఎప్పుడూ వెబ్‌స్టర్ హాల్ సొంత సైటుకి వెళ్ళి అక్కడున్న లింకు నొక్కండి. గూగుల్‌లో వెతికితే పైన వచ్చే ప్రకటనల్లో మళ్ళీ అమ్మేవాళ్ళ సైట్లుంటాయి, టికెట్లు ఇంకా మామూలు ధరకే దొరుకుతుంటే కూడా వాళ్ళు రెట్టింపు చూపిస్తారు. న్యూయార్క్ రాష్ట్రంలో 2022 నుంచి ఒక మంచి రూలుంది: ఫీజులతో కలిపి మొత్తం ధర మొదట్లోనే చూపించాలి, చివరి పేజీలో కొత్తగా కలపకూడదు. ఏదైనా సైటు ముప్పై డాలర్లని చెప్పి చివర్లో యాభై అంటే వెంటనే బయటికి వచ్చేయండి.

వాట్సాప్ గ్రూపుల్లో "రెండు టికెట్లు ఉన్నాయి, రాలేకపోతున్నాం" అని పెడుతుంటారు. చాలామంది నిజాయితీపరులే. అయినా స్క్రీన్‌షాట్ మాత్రం తీసుకోవద్దు, గేటు దగ్గర యాప్‌లో మారుతూ ఉండే కోడ్ చూపించాల్సి వస్తే అది పనికిరాదు. యాప్‌లోంచే మీ పేరు మీదికి బదిలీ చేయమనండి, అది మీ ఫోన్‌లో కనబడ్డాకే డబ్బు పంపండి. తెలిసినవాళ్ళేగా అని మొహమాటపడితే ఇద్దరికీ ఇబ్బందే.

టికెట్ కొనేముందు వయసు పరిమితి చూడండి. కొన్ని షోలకి 16 దాటితే చాలు, కొన్నింటికి 18, క్లబ్ రాత్రుల్లో కొన్నింటికి 21. పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. గ్యాంగులో ఒక్కరికి ఇరవై ఏళ్ళున్నా ప్లాన్ మొత్తం తలకిందులవుతుంది.

ఐడీ సంగతి

మనవాళ్ళు గేటు దగ్గర ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

న్యూయార్క్ మద్యం చట్టం వయసు రుజువుగా ఒప్పుకునేవి కొన్నే: అమెరికాలోని రాష్ట్రాలో కెనడా ప్రభుత్వమో ఇచ్చిన డ్రైవింగ్ లైసెన్సు లేదా ఐడీ కార్డు, ఏ దేశానిదైనా చెల్లుబాటయ్యే పాస్‌పోర్టు, అమెరికా సైన్యం ఐడీ. మన ఇండియా డ్రైవింగ్ లైసెన్సు ఈ జాబితాలో లేదు. ఇంటర్నేషనల్ పర్మిట్ లేదు, యూనివర్సిటీ కార్డు లేదు, ఆధార్ గురించి చెప్పక్కర్లేదు. పాస్‌పోర్టు ఫోటో ఫోన్‌లో ఉందంటే బౌన్సర్ చిరునవ్వు నవ్వి పక్కకి జరగమంటాడు. అతన్ని తిట్టుకుని లాభం లేదు, తప్పు జరిగితే మద్యం లైసెన్సు పోయేది హాలుకి.

కొత్తగా వచ్చిన స్టూడెంట్‌కి పాస్‌పోర్టు ఒక్కటే ఉంటుంది, దాన్ని రాత్రి పూట క్లబ్బుకి తీసుకెళ్ళాలంటే టెన్షన్. ఆ భయం సరైనదే. పోతే కాన్సులేటు చుట్టూ తిరగాలి, అందులో వీసా స్టాంపు కూడా పోతుంది. దీనికి సరైన మందు వచ్చిన కొత్తలోనే రాష్ట్రం ఐడీ తీసుకోవడం. కారు నడపకపోయినా న్యూజెర్సీ మోటార్ వెహికల్ ఆఫీసులో డ్రైవింగ్‌తో సంబంధం లేని ఐడీ కార్డు ఇస్తారు, వీసా మీద ఉన్నవాళ్ళూ కాగితాలు సరిగ్గా పెట్టుకుంటే తీసుకోవచ్చు. అది చేతికి వచ్చేలోపే వెళ్ళాలనుకుంటే పాస్‌పోర్టు జిప్పున్న లోపలి జేబులో పెట్టుకోండి, కానీ ఆ జేబు చలికోటుది కాకూడదు. ఎందుకంటే ఆ కోటు లోపలికి వెళ్ళగానే కోట్ చెక్‌లో, అంటే డబ్బులు తీసుకుని కోట్లు దాచిపెట్టే చోట, ఇచ్చేస్తారు, పాస్‌పోర్టు దాంతోపాటే రాత్రంతా హ్యాంగర్‌కి వేలాడుతుంది.

21 నిండనివాళ్ళకి ఒక్క మాట. అన్న కార్డు, సీనియర్ కార్డు పట్టుకెళ్ళొద్దు. ఇక్కడి పిల్లలకి అది ఇంట్లో తిట్లతో పోవచ్చు, వీసా మీద ఉన్న మనకి పోలీసు రికార్డు అంటే కథే వేరు. 18 దాటినవాళ్ళని రానిచ్చే షో అయితే మీ కార్డుతోనే వెళ్ళండి, చేతికి గుర్తు వేసి పంపిస్తారు, కోక్ తాగుతూ హాయిగా చూడొచ్చు.

తిరుగు ప్రయాణం ప్లాన్ షో టికెట్ కొన్నరోజే రాసుకోండి

వెళ్ళడం ఎవరికైనా తెలుసు. తిరిగి రావడమే ప్లాన్ చేసుకోవాలి, అదీ ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే.

హాలుకి అతి దగ్గర సబ్‌వే మూడో అవెన్యూ స్టేషన్, ఎల్ ట్రైన్. ఇంకొంచెం నడిస్తే యూనియన్ స్క్వేర్, అక్కడ 4, 5, 6, ఎన్, క్యూ, ఆర్ అన్నీ దొరుకుతాయి. దక్షిణాన ఆస్టర్ ప్లేస్‌లో 6 ఆగుతుంది. సబ్‌వే రాత్రంతా నడుస్తుంది, కాబట్టి క్వీన్స్‌లోనో బ్రూక్లిన్‌లోనో ఉండేవాళ్ళకి పెద్ద దిగులు లేదు. వీకెండ్ రాత్రుల్లో ట్రాకు పనులుంటాయి గనక ఆ రోజు మార్పులు చూసుకోండి.

జర్సీ సిటీ, హోబోకెన్ వాళ్ళకి న్యూజెర్సీకీ మాన్‌హాటన్‌కీ మధ్య తిరిగే పాత్ రైలు. ఆరో అవెన్యూ మీద 14వ స్ట్రీట్ స్టేషన్‌లో దిగి, ఎల్ ట్రైన్ ఎక్కితే రెండో స్టాపే మూడో అవెన్యూ. వాతావరణం బాగుంటే నడిచిపోవడమే సుఖం. పాత్ కూడా రాత్రంతా ఉంటుంది, కానీ అర్ధరాత్రి దాటాక జర్నల్ స్క్వేర్ బండి హోబోకెన్ మీదుగా తిరిగి వెళ్తుంది, బండికీ బండికీ మధ్య ఎడం కూడా బాగా పెరుగుతుంది.

ఎడిసన్, మెట్రోపార్క్, ప్రిన్స్‌టన్ వైపు వాళ్ళే జాగ్రత్తగా ఉండాలి. వాళ్ళ న్యూజెర్సీ ట్రాన్సిట్ రైలు పెన్ స్టేషన్ నుంచి, అది రాత్రంతా నడవదు. చివరి బండి టైమ్ చూసి ఫోన్‌లో అలారం పెట్టుకోండి. అలారం బండి టైమ్‌కి కాదు, హాల్లోంచి కదలాల్సిన టైమ్‌కి. కోటు తీసుకోవడం, యూనియన్ స్క్వేర్ దాకా నడక, అక్కడ సబ్‌వే ఎక్కి 34వ స్ట్రీట్‌లో దిగి పెన్ స్టేషన్‌కి ఇంకో బ్లాకు నడక, అన్నీ కలుపుకుని కనీసం ముప్పావుగంట ముందు. డీజే రాత్రికైతే ఆ చివరి బండి మీద ఆశ వదిలేసి, తెల్లవారుజాము మొదటి బండి దాకా ఉండటమో, జర్సీ సిటీ ఫ్రెండ్ రూమ్‌లో పడుకోవడమో ముందే మాట్లాడుకోండి.

ఇప్పుడు అసలు ముఖ్యమైన విషయం. "మేం రైల్లో వెళ్తున్నాం, తాగినా ఇబ్బంది లేదు" అనుకుంటారు. కానీ కారు ఎక్కడుంది? మెట్రోపార్క్ పార్కింగ్‌లో. రైలు దిగాక ఇంటికి ఆ పది నిమిషాలు నడిపేది ఎవరు? న్యూయార్క్‌లోనైనా న్యూజెర్సీలోనైనా పరిమితి 0.08 శాతమే, అర్ధరాత్రి స్టేషన్ చుట్టుపక్కల పోలీసు కార్లు తిరుగుతూనే ఉంటాయి. పైగా 2015 నుంచి అమెరికా విదేశాంగ శాఖ మద్యం తాగి నడిపిన కేసులో అరెస్టయితే చాలు, శిక్ష పడకముందే వీసా రద్దు చేయగలుగుతోంది. హెచ్1బీ, ఎఫ్1 వాళ్ళకి ఫైను కంటే ఇదే పెద్ద దెబ్బ. స్టేషన్‌కి ఉబర్‌లో వెళ్ళండి, లేదా తాగని మనిషిని ముందే పేరుతో సహా ఖాయం చేసుకోండి. "ఎవరో ఒకరు నడుపుతారులే" అనేది ప్లాన్ కాదు.

గంజాయి మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. న్యూయార్క్‌లో 2021 నుంచి 21 నిండినవాళ్ళకి చట్టబద్ధమే, వీధిలో వాసన వస్తూనే ఉంటుంది. కానీ ఫెడరల్ చట్టంలో ఇంకా నేరమే, ఇమిగ్రేషన్ నడిచేది ఫెడరల్ చట్టం మీద. సిటిజన్ కానివాళ్ళు దూరంగా ఉండటం మేలు.

ఏం వేసుకోవాలి

మామూలు బట్టలు. కచేరీకి జీన్స్, టీషర్టు చాలు. మూడు నాలుగు గంటలు నిలబడాలి కాబట్టి చూపు పెట్టాల్సింది చెప్పుల మీద. ముందు మూసి ఉన్న మెత్తటి షూస్ వేసుకోండి, హీల్స్ వద్దు, శాండల్స్ అసలే వద్దు, వందలమంది కాళ్ళ మధ్య నిలబడతారు. బ్యాక్‌ప్యాక్ ఇంట్లో పెట్టండి. చిన్న సంచీ చాలు, దాని కొలత రూలు హాలు సైట్లో చూసుకోండి.

చలికాలం అయితే అడుగున పల్చటి బట్టలు, పైన ఒక్క పెద్ద కోటు. లోపలికి వెళ్ళిన పావుగంటకి చెమటలు పడతాయి. కోట్ చెక్‌కి ఇచ్చే డాలర్ల దగ్గర పిసినారితనం చూపించొద్దు, పఫర్ జాకెట్ చేతి మీద వేసుకుని రాత్రంతా నిలబడటం కంటే నరకం లేదు.

వేషాలంటే ఒకప్పుడు ఈ హాలే. 1917 మే 25న ఫ్రెంచ్ ఆర్టిస్టు మార్సెల్ డుషాంప్ స్నేహితుల బృందం ఇక్కడ బ్లైండ్‌మ్యాన్స్ బాల్ పెట్టింది. ఆ ఆహ్వానం మీద ఉన్న రూలు నాకు భలే ఇష్టం: వేషం వేసుకోని వాళ్ళు డాన్స్ నేల మీదికి రాకుండా, డబ్బులిచ్చి కొనుక్కున్న బాక్సుల్లో, అంటే విడిగా ఉండే సీట్లలో, కూర్చోవాలి. ఇప్పుడు దానికి పూర్తిగా తిరగబడి, మామూలు బట్టల వాళ్ళంతా నేల మీద, కొన్ని షోలకి ఎక్కువ డబ్బు పెట్టినవాళ్ళు బాల్కనీలో.

లోపలికి వెళ్ళేముందు రెండు నిమిషాలు

ఎలాగూ లైన్లో నిలబడతారు కదా, ఎదురు వైపు నుంచి ఒకసారి ముఖభాగం చూడండి. ఎర్ర ఇటుక, ఎర్ర టెర్రాకోటా బొమ్మలు, చార్లెస్ రెంట్జ్ డిజైను. పక్కన కలిసిపోయినట్టు ఉన్న భాగం 1892లో కలిపింది. అగ్నిప్రమాదాలు ఒకటి రెండు కాదు, చాలాసార్లు కాలింది, మళ్ళీ మళ్ళీ బాగుచేశారు. 2008లో నగరం దీన్ని రక్షిత కట్టడంగా ప్రకటించింది. ఈ ముఖభాగాన్ని మన దగ్గర ఫ్లెక్సీ కట్టినంత ఈజీగా మార్చడానికి వీల్లేదు.

తిని వెళ్ళండి. ఖాళీ కడుపుతో మొదటి బీరు అన్నిటికంటే ఖరీదైనది.

ఒకసారి లోపలికి వెళ్తే మళ్ళీ బయటికి వచ్చి వెళ్ళడం మామూలుగా కుదరదు. సిగరెట్ అలవాటున్నవాళ్ళు అడిగి తెలుసుకున్నాకే బయటికి అడుగు పెట్టండి. లోపల ఎక్కడా పొగ తాగకూడదు, నగరంలో 2003 నుంచీ అదే రూలు.

ఎక్కడ నిలబడాలి

హాలు థియేటర్ కాదని మొదట్లో అన్నది ఇందుకే. థియేటర్లో నేల వెనక్కి పోయేకొద్దీ ఎత్తు పెరుగుతుంది, బాల్‌రూమ్‌లో నేల చదును. ఏటవాలు నేల మీద జంటలు వాల్ట్జ్ ఎలా చేస్తారు మరి? అందుకని మీ ముందు ఆరడుగుల మనిషి నిలబడితే ఆ రాత్రి మీరు చూసేది అతని వీపే. మన సగటు ఎత్తుకి ఇది చిన్న సమస్య కాదు.

పెద్ద హాలు పై అంతస్తులో ఉంటుంది, పదిహేనువందల దాకా జనం పడతారు. దాని చుట్టూ బాల్కనీ. పొట్టివాళ్ళకి, నడుము నొప్పి ఉన్నవాళ్ళకి నేను చెప్పేది ఒకటే: తలుపులు తీసిన టైమ్‌కి వచ్చేయండి, మెట్లెక్కి బాల్కనీ కటకటాల దగ్గర చోటు పట్టుకోండి. అక్కడ ముందు వరస దొరికితే స్టేజీ మొత్తం, కింద ఊగే జనం మొత్తం కనబడుతుంది. కొన్ని షోలకి బాల్కనీలో కొంత భాగం వేరే టికెట్ వాళ్ళకి కేటాయిస్తారు కాబట్టి, మెట్ల దగ్గర ఉన్న స్టాఫ్‌ని అడిగి ఎక్కండి. రెండో వరసలో దొరికితే మాత్రం దిగిపోయి కిందికి రావడమే నయం.

కింద నేల మీద అయితే శబ్దం కోసం వెళ్ళాలా, ఊపు కోసం వెళ్ళాలా అన్నది మీరు తేల్చుకోవాలి. ఊపు కావాలంటే స్టేజీకి దగ్గర, మధ్యలో. శబ్దం కావాలంటే సౌండ్ ఇంజినీరు కూర్చునే బల్ల ఎక్కడుందో చూసి, దానికి కాస్త ముందు నిలబడండి. అతను ఆ చోట ఏం వినబడుతుందో దాన్నిబట్టే అన్నీ సరిచేస్తాడు గదా. బాల్కనీ కింద, గోడకి ఆనుకుని ఉన్న చోటు వీపుకి సుఖంగా ఉంటుంది కానీ పై స్థాయి సన్నటి శబ్దాలు సగం తగ్గి, బేస్ మాత్రం ముద్దముద్దగా మోగుతుంది. ఆర్‌సీఏ వాళ్ళు రికార్డింగులకి ఈ గదిని ఎంచుకున్నది దాని ఎత్తూ ఖాళీ చూసి. బాల్కనీ కిందికి దూరినవాళ్ళకి ఆ ఎత్తూ ఉండదు, ఖాళీ ఉండదు.

బాత్రూమ్ పని మొదటి బృందం వాయిస్తుండగానే ముగించుకోండి. రెండు బృందాల మధ్య ఖాళీలో అందరికీ ఒకేసారి గుర్తొస్తుంది.

మరొకటి. ఒక్కడు ముందుకెళ్ళి చోటు పట్టి, పాట మొదలయ్యాక ఎనిమిదిమంది స్నేహితుల్ని చేతులు ఊపి పిలవడం మన గ్యాంగులకి బాగా అలవాటు. బస్సులో సీటు మీద కర్చీఫ్ వేసినట్టు ఇక్కడ కుదరదు. గంట ముందు వచ్చి నిలబడ్డవాళ్ళు మొహం మీదే చెప్తారు, వాళ్ళ తప్పేం లేదు. వీడియో కూడా ఒక్క పాటకి తీసుకోండి, ఫోన్ తల పైకెత్తకుండా.

బార్ దగ్గర

మెనూలో ధరకి అమ్మకపు పన్ను 8.875 శాతం కలిసే ఉందా, విడిగానా అన్నది చూసుకోండి, దాని మీద టిప్పు. బీరుకి ఒక డాలరు, కాక్‌టెయిల్‌కి రెండు ఇస్తే మర్యాదగా ఉంటుంది. టిప్పు ఇవ్వని గ్రూపు రెండో రౌండుకి వెళ్ళినప్పుడు బార్‌టెండర్‌కి హఠాత్తుగా చూపు మందగిస్తుంది. కార్డు ఇచ్చి ట్యాబ్ (చివర్లో కట్టే ఖాతా) తెరిస్తే, చివర్లో మూసి కార్డు వెనక్కి తీసుకోవడం మర్చిపోతారు. ఎప్పటికప్పుడు కట్టేయడం ఉత్తమం.

గ్లాసు మీ చేతిలోనే ఉండాలి. డాన్స్ చేయాలని ఎక్కడో పెట్టి వెళ్తే దాన్ని మళ్ళీ ముట్టుకోవద్దు, కొత్తది కొనుక్కోండి. ఎవరైనా తాగినదానికంటే ఎక్కువ తూలుతున్నట్టు అనిపిస్తే ఇంటికి తీసుకెళ్దాంలే అనుకోకుండా స్టాఫ్‌కి చెప్పండి, వాళ్ళు ఇలాంటివి రోజూ చూస్తారు. ప్రతి గ్లాసు మధ్యలో ఒక గ్లాసు నీళ్ళు.

చెవులు

నవ్వొద్దు, ఇది నిజంగా కొనండి. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దాన్ని ఎనిమిది గంటలు భరించొచ్చు, ప్రతి మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ టైమ్ సగమవుతుంది. 100 డెసిబెల్స్ దగ్గరికి వచ్చేసరికి మిగిలేది పదిహేను నిమిషాలే. ఇలాంటి హాళ్ళలో శబ్దం సులువుగా అంత ఉంటుంది, మీరుండేది రెండు మూడు గంటలు. ఫార్మసీలో దొరికే నురుగు ప్లగ్గులు ఉన్నా చాలు. అవి మాట మందంగా వినబడేలా చేస్తాయి, సంగీతం మీద మోజున్నవాళ్ళు ఇరవై ముప్పై డాలర్లు పెట్టి కచేరీల కోసం చేసిన రకం కొనుక్కోండి. వాటితో పాట స్పష్టత పోకుండా శబ్దం జోరు మాత్రమే తగ్గుతుంది. ఇంటికెళ్ళాక చెవిలో గుయ్‌మని మోగితే, తర్వాతిసారి తప్పకుండా పెట్టుకోవాలని అర్థం.

గుంపు బిగుసుకుంటే

ముందు వరసల్లో ఒక్కోసారి వెనక నుంచి తోపు మొదలవుతుంది. చేతులు కిందికి వేలాడేయకుండా ఛాతీ ముందు మడిచి పెట్టుకోండి, ఊపిరికి చోటు ఉంటుంది. తోపుకి ఎదురు తిరగొద్దు, కాస్త సడలినప్పుడల్లా పక్కకి, ఏటవాలుగా జరుగుతూ అంచుకి చేరండి. కిందపడ్డ వస్తువు కోసం వంగొద్దు, ఫోన్ అయినా సరే. పక్కన ఎవరైనా పడితే ముందు వాళ్ళని లేపండి. వచ్చిన దారి కాకుండా ఇంకో బయటి దారి ఎటుందో లోపలికి రాగానే చూసి పెట్టుకోవడం ఎక్కడికెళ్ళినా మంచి అలవాటే.

ఆడపిల్లలు గ్రూపుగా వెళ్తే ఇబ్బంది పెట్టేవాళ్ళు ఎదురైనప్పుడు మొహమాటం లేకుండా సెక్యూరిటీని పిలవండి. అబ్బాయిలకి: ఎవరైనా మీతో ఒక పాటకి డాన్స్ చేస్తే అది ఆ పాట వరకే. "నో" అంటే నవ్వి పక్కకి తప్పుకోండి.

బయటికి వచ్చాక

చివరి పాటకి ముందే కోటు తీసుకుంటే అరగంట లైను తప్పుతుంది. మాన్‌హాటన్‌లో మద్యం అమ్మకం నాలుగింటికి ఆగుతుంది, ఆ టైమ్‌కి అన్ని క్లబ్బుల జనం ఒకేసారి ఉబర్ నొక్కుతారు, ధర ఆకాశంలో ఉంటుంది. హాలు గుమ్మం ముందు నిలబడి బుక్ చేయకండి, 11వ స్ట్రీట్ ఇరుకు, కారు అక్కడికి రావడానికే పది నిమిషాలు పడుతుంది. మూడో అవెన్యూ మీదికి నడిచి, రెండు మూడు బ్లాకులు దాటి అక్కడ ఎక్కండి. గుమ్మం దగ్గర అరుపులు వద్దు, పైన మనుషులు పడుకుని ఉంటారు.

ఆకలేస్తే 14వ స్ట్రీట్, మూడో అవెన్యూ దగ్గరున్న జోస్ పిజ్జా రాత్రి బాగా పొద్దుపోయేదాకా ఉంటుంది. నడిచే ఓపిక ఉంటే ఈస్ట్ ఫస్ట్ స్ట్రీట్ మీద, హ్యూస్టన్ పక్కన ఉన్న పంజాబీ డెలికి వెళ్ళండి. టాక్సీ డ్రైవర్ల అడ్డా అది, అంతా శాకాహారమే, తక్కువ ధరలో వేడివేడి అన్నం, కూర, టీ. కూర్చోవడానికి పెద్దగా చోటుండదు, నిలబడే తినేయాలి. పాత్ రైలు పట్టుకోవాల్సిన వాళ్ళు ఒక లెక్క వేసుకోండి: అక్కడి నుంచి ఆరో అవెన్యూ 14వ స్ట్రీట్ చాలా దూరం. ముందు యాప్‌లో బండి టైమ్ చూసి, తర్వాతే ప్లేటు ఆర్డర్ చేయండి.